కాన్పు తర్వాత మూత్రం లీకేజీ మీద నా పీహెచ్‌డీ ట్రయల్: తల్లులు మధ్యలో ఆగిపోతున్నారు, ఏం చేయాలి?

తెనాలి_ఫిజియో
ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) అయ్యాక పీహెచ్‌డీలో చేరాను, ఇప్పుడు నాలుగో ఏడాది నడుస్తోంది. నా పని మొదటి కాన్పు అయిన తల్లుల మీద, అందులోనూ దగ్గినా తుమ్మినా నవ్వినా మూత్రం చుక్కలు పడేవాళ్ళ మీద. బిడ్డకు ఆరు వారాలు నిండగానే తల్లిని చేర్చుకుంటాం. లాటరీ వేసి రెండు గుంపులు చేస్తాం. ఒక గుంపుకి పన్నెండు వారాల పాటు పెల్విక్ ఫ్లోర్ (మూత్రం ఆపే కింది కండరాల) వ్యాయామాలు నేను దగ్గరుండి చేయిస్తాను. రెండో గుంపుకి వార్డులో అందరికీ ఇచ్చే కాగితం, నోటిమాటగా చెప్పే సలహా, అంతే. చివర్లో ఐసీఐక్యూ అనే, లీకేజీ ఎంత ఉందో కొలిచే ప్రశ్నలు అడిగి స్కోరు చూస్తాం.

చేరేటప్పుడు ఎంతో ఇష్టంగా చేరుతున్నారు. "ఇన్నాళ్ళకి ఈ మాట నన్నడిగింది మీరేనండీ" అని కళ్ళు తుడుచుకున్న అమ్మాయిలున్నారు. కొన్ని వారాలు వస్తారు, వ్యాయామం కుదురుతుంది, ఉన్నట్టుండి రావడం మానేస్తారు. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంటుంది. లేదంటే ఎవరో మగమనిషి ఎత్తి "అమ్మాయి ఇక్కడ లేదు" అని పెట్టేస్తారు.

గైడ్ గారు "ఈ ట్రయల్ తెమలదు, ఒక సర్వే చేసి థీసిస్ పెట్టెయ్" అంటున్నారు. స్టైపెండ్ లేదు. పొద్దున క్లినిక్, మధ్యాహ్నం ఓపీలో డేటా, రాత్రి రాత. ఇంట్లో ఇంకెన్నాళ్ళని అడుగుతున్నారు. నాకు మాత్రం ఇది వదలబుద్ధి కావడం లేదు. తల్లులు ఎందుకు ఆగిపోతున్నారో, వాళ్ళను ఎలా నిలబెట్టుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

రెండోకాన్పు_రమ
టాపిక్ మార్చకు చెల్లీ, దయచేసి. నాకు పెద్దవాడు పుట్టినప్పటి నుంచీ ఈ బాధ ఉంది. బడిలో టీచర్ని. మా స్టాఫ్ రూమ్‌కి దగ్గర్లో బాత్రూమ్ లేదు కాబట్టి మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టను. ప్రార్థన సమయంలో తుమ్ము వస్తే కాళ్ళు దగ్గరికి పెట్టి బిగబట్టుకుని నిలబడతాను. మా అత్తగారితో అంటే "పిల్లల్ని కన్నాక అందరికీ అంతేనమ్మా" అన్నారు. ఆవిడకీ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

లెక్కల_మాస్టారు
రెండు ప్రశ్నలు. శాంపిల్ సైజు లెక్కకట్టినప్పుడు మధ్యలో మానేసేవాళ్ళ కోసం ఎంత శాతం కలుపుకున్నావు? మానేసినవాళ్ళు రెండు గుంపుల్లోనూ సమానంగా ఉన్నారా, ఒకదాంట్లోనే ఎక్కువా? ఇవి తెలియకుండా ట్రయల్ పోయిందని మీ గైడ్ గారు అనకూడదు, పోలేదని నేనూ అనను.

పీహెచ్‌డీ_ముగిసింది
ఇందులో కష్టం ఏముంది? మానేసినవాళ్ళను తీసేసి, చివరిదాకా వచ్చినవాళ్ళతోనే ఫలితాలు రాసెయ్యి. చాలామంది అలాగే రాస్తారు.

లెక్కల_మాస్టారు
@పీహెచ్‌డీ_ముగిసింది వద్దు సార్. చివరిదాకా వచ్చేది ఎవరు? ఇల్లు దగ్గరున్నవాళ్ళు, ఇంట్లో సాయం ఉన్నవాళ్ళు, వ్యాయామం వల్ల మేలు కనబడినవాళ్ళు. వాళ్ళనొక్కళ్ళనే లెక్కేస్తే వ్యాయామం అద్భుతంగా పనిచేసినట్టు కనబడుతుంది. లాటరీలో ఎవరు ఏ గుంపులో పడ్డారో ఆ గుంపులోనే ఉంచి లెక్కకట్టాలి, వాళ్ళు చేసినా చేయకపోయినా. ఎంతమంది ఏ దశలో ఎందుకు ఆగారో బొమ్మ గీసి చూపించాలి. సీటీఆర్‌ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో) ముందే రిజిస్టర్ చేసిన ట్రయల్ ఇది, ఎవరైనా తెరిచి పోల్చి చూడొచ్చు.

నల్గొండ_శ్రీను
నాకు తెలియక అడుగుతున్నా. మా ఊళ్ళో ఇలాంటి ఇబ్బందులన్నిటికీ గర్భసంచి తీయించుకుంటారు. దాంతో పోతుంది కదా?

ఓటీ_సిస్టర్
@నల్గొండ_శ్రీను పోదు తమ్ముడూ. మూత్రం ఆపేది గర్భసంచి కాదు. కింద జఘనాస్థి నుంచి వెనక తోకఎముక దాకా పరుచుకుని ఉన్న కండరాలు, మూత్రనాళం చుట్టూ ఉన్న కండరం కలిసి ఆపుతాయి. గర్భసంచి తీస్తే ఆ కండరాలకు బలం రాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం మన రెండు రాష్ట్రాల్లోనూ దేశ సగటుకి రెట్టింపు కంటే ఎక్కువ. ముప్పై ఏళ్ళు కూడా సరిగ్గా నిండని పిల్లలు ఆపరేషన్ టేబుల్ మీదికి రావడం నా కళ్ళతో చూశాను. అందులో కొందరికైనా ముందు ఒక ఫిజియో దగ్గర కూర్చునే అవకాశం దొరికితే బాగుండేది. తెనాలి అమ్మాయి పని ఆగకూడదని నేనూ అంటున్నా.

నల్గొండ_శ్రీను
అర్థమైంది అక్కా. ఇంట్లో చూపిస్తా ఈ పోస్టు.

మియాపూర్_మమ్మీ
నాది సిజేరియన్. మరి నాకెందుకు లీక్ అవుతోంది? కింద నుంచి కాన్పు అయినవాళ్ళకే వస్తుందని మా డాక్టర్ గారు అన్నారు.

తెనాలి_ఫిజియో
@మియాపూర్_మమ్మీ సిజేరియన్ వల్ల ముప్పు తగ్గుతుంది, పోదు. తొమ్మిది నెలలు బరువు మోసింది ఆ కండరాలే కదండీ. నార్వేలో వేలమంది ఆడవాళ్ళను అడిగి లీకేజీ ఎంతమందికి ఉందో 2003లో లెక్క చెప్పారు: అసలు పిల్లలు లేనివాళ్ళలో సుమారు 10 శాతం, సిజేరియన్ మాత్రమే అయినవాళ్ళలో 16, మామూలు కాన్పులు అయినవాళ్ళలో 21. సిస్టర్ చెప్పిన ఆ 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. వాళ్ళందరూ తమకు ఈ సమస్య రాదనుకుంటే, వచ్చినప్పుడు ఎవరికీ చెప్పుకోరు.

కెమిస్ట్రీ_స్కాలర్
నేను మీలాంటి సబ్జెక్ట్ కాదు, ల్యాబ్ మనిషిని. కానీ ఒక మాట చెప్పాలి. అందరూ కీగెల్స్ కీగెల్స్ (ఆ కింది కండరాలను బిగించే వ్యాయామాలు) అంటారు. నాకు రెండో ఏడాదిలో కింద ఒకటే నొప్పి, మూత్రం పూర్తిగా వెళ్ళనట్టు ఉండేది. ఇంటర్నెట్‌లో చూసి కీగెల్స్ మొదలుపెట్టాను, నొప్పి ఇంకా పెరిగింది. చివరికి ఒక ఫిజియో చేయి పెట్టి చూసి "నీ కండరాలు బలహీనంగా లేవు, అస్సలు వదులవడమే లేదు" అన్నారు. రోజంతా కుర్చీలో ముడుచుకుని కూర్చోవడం, రీడింగ్ మధ్యలో లేవకూడదని మూత్రం ఆపుకోవడం, పైగా ఆర్‌ఏసీ (పీహెచ్‌డీ పని ఎలా సాగుతోందో చూసే కమిటీ) మీటింగ్ టెన్షన్. నాకు నేర్పింది బిగించడం కాదు. పొట్టలోకి నిదానంగా గాలి తీసుకుంటూ కింది కండరాలను వదులు చెయ్యడం, గొంతుకు కూర్చుని మోకాళ్ళు దూరం పెట్టడం. కొన్ని నెలలకు మనిషినయ్యాను.

పల్నాడు_టు_పారిస్
@కెమిస్ట్రీ_స్కాలర్ నువ్వు చెప్పింది ప్రతి అమ్మాయీ చదవాలి. అందుకే ముందు పరీక్ష, తర్వాతే వ్యాయామం.

మా పాప ఇక్కడే ఫ్రాన్స్‌లో పుట్టింది. కాన్పు తర్వాతి చెకప్‌లో నేను అడగకుండానే పెల్విక్ ఫ్లోర్ సెషన్లకు చీటీ రాసిచ్చారు. ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య బీమా పెట్టుకుంటుంది. మంత్రసానో ఫిజియోనో చేయిస్తారు. అది చూసినప్పుడు మా అక్క గుర్తొచ్చింది. తను నాలుగేళ్ళు ప్యాడ్లు కొనుక్కుంది గానీ ఎవరికీ చెప్పలేదు.

అమ్మమ్మ_మాట
మా రోజుల్లో ఇవన్నీ లేవు. బాలింతకు నడుముకి పాత చీర బిగించి కట్టేవాళ్ళం, పత్యం పెట్టేవాళ్ళం, నీళ్ళు తక్కువ ఇచ్చేవాళ్ళం. మాకేం కాలేదు.

రెండోకాన్పు_రమ
@అమ్మమ్మ_మాట అమ్మమ్మా, "ఏం కాలేదు" అని మా అత్తగారూ పదేళ్ళు అన్నారు :)

తెనాలి_ఫిజియో
@అమ్మమ్మ_మాట అమ్మమ్మ గారూ, నడికట్టు మెత్తగా, ఆసరాగా కట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఊపిరాడనంత బిగిస్తే మాత్రం ఆ ఒత్తిడి అంతా కిందికే పోతుంది, అలా వద్దని చెబుతాను. నీళ్ళ సంగతి మాత్రం ఒప్పుకోలేను. పాలిచ్చే తల్లికి నీళ్ళు తగ్గించి, కూరగాయలు మాన్పించి, కారప్పొడి అన్నం పెడితే మలబద్ధకం వస్తుంది. రోజూ ముక్కితే అప్పటికే సాగిపోయిన కండరాలు ఇంకా సాగుతాయి. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రసంచికి మంట పుట్టి, ఇంకా తొందర తొందరగా వెళ్ళాలనిపిస్తుంది. మా ఓపీలో నేను మొదట అడిగేది "అమ్మా, నీళ్ళు ఎన్ని గ్లాసులు ఇస్తున్నారు?" అనే.

అమ్మమ్మ_మాట
ఆకుకూర పెట్టొచ్చంటావా? మా మనవరాలికి నెల. వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడితోనే నడుపుతున్నాం.

తెనాలి_ఫిజియో
పెట్టండి. తోటకూర, బీరకాయ, పెసరపప్పు, అన్నీ పెట్టండి. నీళ్ళు దాహం వేసినప్పుడల్లా ఇవ్వండి.

ఏఎన్ఎం_గారమ్మాయి
అందరూ ఏవేవో మాట్లాడుతున్నారు గానీ అసలు ప్రశ్న ఒక్కటే కదా, తల్లులు ఎక్కడికి పోతున్నారని. మా అమ్మ ముప్పై ఏళ్ళు సబ్‌సెంటర్‌లో చేసింది, నేను ఆవిడ వెంట తిరిగి పెరిగాను. వినండి.

మొదటి కాన్పు పుట్టింట్లో. మీరు చేర్చుకున్నప్పుడు ఆ అమ్మాయి ఇచ్చింది పుట్టింటి అడ్రసు. ఫోన్ నంబరు నాన్నదో అన్నదో అయి ఉంటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి, సారె పెట్టి బిడ్డతో అత్తారింటికి పంపుతారు. మీ ట్రయల్ ఆరో వారం నుంచి పద్దెనిమిదో వారం దాకా. అంటే సరిగ్గా ఆ మధ్యలోనే అమ్మాయి ఊరు మారుతుంది. మీరు ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న ఎత్తుతారు. ఏ విషయమో ఆయనకు తెలియదు, మీరూ చెప్పలేరు, "ఇక్కడ లేదు" అంటారు. నిజంగానే లేదు. అత్తారింట్లో కొత్తగా బిడ్డతో దిగిన కోడలు "నాకు ఫిజియో దగ్గరికి వెళ్ళాలి, కింద నుంచి మూత్రం పోతోంది" అని ఎవరితో అంటుంది?

ఇష్టం లేక మానలేదు వాళ్ళు.

ఓటీ_సిస్టర్
ఈ పోస్టుకి వంద దండాలు.

తెనాలి_ఫిజియో
@ఏఎన్ఎం_గారమ్మాయి ఇది చదివి లేచి వెళ్ళి ఫైళ్ళన్నీ తీశాను. ఆగిపోయినవాళ్ళలో ఎక్కువమంది మూడో నెల దాటాకే ఆగారు. ఫోన్ నంబరు పక్కన "తండ్రి", "అన్న" అని నా చేత్తోనే రాసి ఉంది. లెక్కల మాస్టారు అడిగినదీ చూశాను: రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా పోతున్నారు. అంటే వ్యాయామం కష్టమై పోవడం లేదు. ఇప్పుడు ఏం చేయాలి? అత్తారింటికి వీడియో కాల్ చేయనా?

మియాపూర్_మమ్మీ
వీడియో వద్దు తల్లీ. ఉమ్మడి ఇంట్లో ఫోన్ ఎదురుగా పెట్టుకుని వ్యాయామం చేస్తే ఇల్లంతా చుట్టూ చేరుతుంది. మామూలు కాల్ అయితే బిడ్డకు పాలు పడుతూ మాట్లాడొచ్చు.

పల్నాడు_టు_పారిస్
కాల్ మంచిదే, కానీ మొదటి పరీక్ష మాత్రం ఎదురెదురుగానే జరగాలి. 1991లో అమెరికాలో 47 మందికి నోటితో మాత్రమే చెప్పి చేయించి చూశారు. సగం మందే సరిగ్గా బిగించారు. పాతిక శాతం మంది లీకేజీ పెరిగే తీరులో చేశారు. కీగెల్ అనే డాక్టర్ 1948లో ఈ వ్యాయామాలు రాసినప్పుడు కూడా, తల్లి ఎంత బిగిస్తోందో తనకే కనబడేలా ఒక పరికరం పెట్టి నేర్పాడు.

ఏఎన్ఎం_గారమ్మాయి
వీడియో అక్కర్లేదు. బిడ్డ టీకాలు గుర్తు తెచ్చుకోండి: ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు. పుట్టింట్లో ఉన్నా అత్తారింట్లో ఉన్నా ఆ రోజు తల్లి బిడ్డనెత్తుకుని బయటికి వస్తుంది. ఆశా కార్యకర్త ఇంటికెళ్ళి మరీ పిలుచుకొస్తుంది. అత్తగారు వద్దనరు, వాళ్ళే వెంట వస్తారు. మీ మొదటి పరీక్ష ఆరో వారం టీకా రోజున, రెండోది పదో వారం, మూడోది పద్నాలుగో వారం. మధ్యలో వారానికో ఫోన్. ఆమె ఊరు మారితే అక్కడి ఏఎన్ఎం పేరు మీ రిజిస్టర్లో ఉండాలి.

కెమిస్ట్రీ_స్కాలర్
అమ్మో, ఎంత సూటిగా కుదిరింది! ఇది చదివి నా థీసిస్ కూడా మీకే అప్పగించాలనిపిస్తోంది :)

లెక్కల_మాస్టారు
చాలా బాగుంది. కానీ మూడు జాగ్రత్తలు. ఒకటి, ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టి అనుమతి వచ్చాకే మార్చాలి, సీటీఆర్‌ఐలో కూడా అప్‌డేట్ చేయాలి, ఏ తేదీ నుంచి మారిందో థీసిస్‌లో రాయాలి. రెండు, టీకా రోజున కలవడం రెండు గుంపులకూ ఉండాలి. ఒక గుంపును ఎక్కువసార్లు పలకరిస్తే ఆ పలకరింపుకే స్కోరు మారుతుంది. మూడు, చివరి స్కోరు అడిగే మనిషి నువ్వు కాకూడదు. నువ్వు నేర్పిన అమ్మాయి నీ ముఖం చూసి "తగ్గిందండీ" అంటుంది, పాపం. ఎవరు ఏ గుంపో తెలియని వేరే మనిషి అడగాలి.

ఉస్మానియా_మెట్లు
నాది చరిత్ర, అయినా గైడ్లు అన్ని సబ్జెక్టుల్లోనూ ఒకటే. నోటితో వాదించకు. ఒక్క పేజీ రాసి తీసుకెళ్ళు: ఎంతమంది చేరారు, ఎప్పుడు ఆగారు, కారణం ఇది, మార్పు ఇది, ముగిసేది ఫలానా నెలలో. ఆర్‌ఏసీ మీటింగ్‌కి వారం ముందే అందరికీ పంపు. మీటింగ్‌లో మొదటిసారి వింటే వద్దనే అంటారు.

టైమ్ గురించి కంగారు వద్దు. 2022 యూజీసీ నిబంధనల్లో మామూలు గడువు ఆరేళ్ళు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళు, ఆడవాళ్ళకు దాని మీద మరో రెండేళ్ళ సడలింపు ఉంది. మెటర్నిటీ, చైల్డ్ కేర్ లీవు 240 రోజుల దాకా ఇవ్వొచ్చు. మీ యూనివర్సిటీ ఆర్డినెన్సులో ఇవి ఎలా రాసుకున్నారో కాపీ తీసి దగ్గర పెట్టుకో. ఆఫీసులో నోటిమాటగా "కుదరదు" అన్నప్పుడు అది చూపించాలి.

పీహెచ్‌డీ_ముగిసింది
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే జాతీయ ఫెలోషిప్) ఉన్నవాళ్ళకు 2023 నుంచి నెలకు 37,000 వస్తుంది. ఈ అమ్మాయికి రూపాయి లేదు. పైగా ఇప్పుడు ఊళ్ళు తిరగమంటున్నారు. బస్సు ఖర్చు ఎవరిస్తారు? సర్వే చేసి ముగించమన్న గైడ్ గారిని మీరు దుర్మార్గుణ్ణి చేయకండి. ఆయన ఈ పిల్ల బయటపడాలనే అంటున్నారేమో.

ఓటీ_సిస్టర్
@పీహెచ్‌డీ_ముగిసింది ఆ మాట నిజమే. కానీ ప్రతి ఊరూ తనే తిరగక్కర్లేదు. అక్కడి పీహెచ్‌సీలో ఒక గది, ఒక తెర ఉంటే చాలు. నెలకు ఏ రెండు బుధవారాలో పెట్టుకుంటే సరిపోతుంది. తల్లులకు ప్రయాణ ఖర్చు ఇవ్వడం తప్పు కాదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లోనే ఉంది, దాన్ని కూడా ఎథిక్స్ దరఖాస్తులో రాయాలి. చిన్న గ్రాంటు ఏదైనా దొరుకుతుందేమో మీ డిపార్ట్‌మెంట్‌లో అడుగు.

తెనాలి_ఫిజియో
@పీహెచ్‌డీ_ముగిసింది మా గైడ్ గారు మంచివారే సార్. నా ఆరోగ్యం చూసే ఆ మాట అన్నారు. డబ్బు లేదన్నదీ నిజం. సాయంత్రం క్లినిక్ గంటలు పెంచుకుంటే బస్సు ఖర్చులు వెళ్ళిపోతాయి. ఇంట్లో మా ఆయనతో మాట్లాడాను, ఈ ఏడాదికి సరేనన్నారు.

ఒక పేజీ రాశాను. సవరణ దరఖాస్తు కూడా సిద్ధం చేస్తున్నాను. చివరి స్కోరుకి మా జూనియర్ ఒప్పుకుంది. ఆగిపోయిన తల్లుల్లో ఒకరు ఈ రోజు దొరికారు, బాపట్ల దగ్గర అత్తారింట్లో. నేనెవరో చెప్పగానే "మేడమ్, దగ్గే ముందు బిగబట్టమన్నారే, అది మాత్రం మానలేదు, బాగానే ఆగుతోంది" అంది. గొంతు తగ్గించి మాట్లాడింది, పక్కన ఎవరో ఉన్నట్టున్నారు.

రెండోకాన్పు_రమ
దగ్గే ముందు బిగబట్టడం ఏమిటి? నాకూ చెప్పు.

తెనాలి_ఫిజియో
@రెండోకాన్పు_రమ అక్కా, తుమ్ము వస్తోందని తెలియగానే, అది రాకముందే, గ్యాస్ ఆపుకున్నట్టు, మూత్రం ఆపుకున్నట్టు రెండూ కలిపి లోపలికి పైకి లాగి పట్టుకోవాలి. తుమ్ము అయ్యాక వదలాలి. పొట్ట, పిరుదులు, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. 1998లో అమెరికాలో కొంచెం వయసు మళ్ళిన ఆడవాళ్ళకు ఇది నేర్పితే వారంలోనే దగ్గినప్పుడు పడే మూత్రం తగ్గింది. ఇది అప్పటికప్పుడు ఆసరా. కండరం బలపడాలంటే రోజుకి మూడుసార్లు, సారికి కనీసం ఎనిమిది బిగింపులు, మూడు నెలలకు తగ్గకుండా చేయాలి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే సంస్థ నైస్ మార్గదర్శకాలు ఆపరేషన్ మాట ఎత్తకముందు ఇదే, అదీ నేర్పేవాళ్ళ పర్యవేక్షణలో చేయించమంటాయి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీసు మాత్రం చేయకు. ఇంకొకటి, నీళ్ళు మానకు. ఇంటర్వెల్‌లో తప్పకుండా వెళ్ళిరా.

రెండోకాన్పు_రమ
మా హెడ్మాస్టారితో బాత్రూమ్ గురించి రేపే మాట్లాడతా. మిగతా టీచర్లను కూడా వెంటబెట్టుకుని వెళ్తా.

కరీంనగర్_కోడలు
మా దగ్గర పెల్విక్ ఫిజియో అని బోర్డు ఎక్కడా లేదు. ఎవరి దగ్గరికి వెళ్ళాలి, వెళ్తే ఏం అడగాలి?

తెనాలి_ఫిజియో
@కరీంనగర్_కోడలు బోర్డు లేకపోయినా ఫిజియోథెరపీ కాలేజీ ఉన్న ఆసుపత్రిలో ఆడవాళ్ళ ఆరోగ్యం చూసే ఎంపీటీ మేడమ్ ఎవరైనా ఉన్నారా అని అడగండి, గైనిక్ ఓపీలో కూడా అడగండి. వెళ్ళాక మీ కథంతా వింటున్నారా, మూడు రోజులు ఎప్పుడు తాగారో ఎప్పుడు వెళ్ళారో రాసుకు రమ్మంటున్నారా చూడండి. లోపల పరీక్ష చేసే ముందు మీ అనుమతి అడగాలి. మీరు కోరితే ఇంకో ఆడమనిషిని పక్కన ఉంచాలి. వద్దంటే వద్దనే, పైనుంచి స్కాన్‌తో కూడా చూడొచ్చు. ఏమీ చూడకుండా నడుముకి కరెంటు పెట్టి పంపించేస్తే ఇంకో చోట చూసుకోండి. మూత్రంలో రక్తం, జ్వరంతో మంట, కింద గడ్డలా జారుతున్నట్టు ఉండటం, ఇవి ఏవైనా ఉంటే మాత్రం ముందు డాక్టర్ దగ్గరికి.

కరీంనగర్_కోడలు
మూడో మాట నాకుంది, జారుతున్నట్టు. గైనిక్ దగ్గరికి వెళ్ళి వచ్చాక ఇక్కడే రాస్తా.

ఓటీ_సిస్టర్
@కరీంనగర్_కోడలు రాయమ్మా, ఎదురుచూస్తుంటాం. భయపడకు. కొద్దిగా జారినదానికి వ్యాయామం ఉంది, లోపల పెట్టుకునే రింగు ఉంది. ఎంత జారిందో చూశాకే ఆపరేషన్ మాట. అన్నీ వివరంగా చెప్పమని అడుగు, ఆ రోజే సంతకం పెట్టకు.